పిచ్ ఇవ్వరు, ఆగనివ్వరు

మా కౌన్సిల్ (ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది) కొత్త లోకల్ ప్లాన్ డ్రాఫ్ట్ బయటపెట్టింది. ఇంగ్లండ్‌లో లేనివాళ్ళ కోసం చెప్తున్నా, లోకల్ ప్లాన్ అంటే వచ్చే పదిహేనేళ్ళలో ఊళ్ళో ఎక్కడ ఇళ్ళు కట్టాలి, ఎక్కడ స్కూలు రావాలి, ఎక్కడ గోడౌన్లు, ఏ పొలం జోలికి పోకూడదు అని కౌన్సిల్ ముందే తేల్చి రాసుకునే పెద్ద డాక్యుమెంట్, తర్వాత పర్మిషన్లన్నీ దాన్ని పట్టుకునే నడుస్తాయి. ఈసారి దాన్లో వేల ఇళ్ళున్నాయి. మా ఎస్టేట్ వెనక పొలమంతా పోతోంది, జీపీ (లోకల్ డాక్టర్) అపాయింట్‌మెంట్ ఇప్పుడే దొరకట్లేదు, పొద్దున్నే రౌండబౌట్ దాటేసరికి పావుగంట పడుతోంది, అయినా వీటి గురించి మా వాట్సాప్ గ్రూపుల్లో పెద్దగా చర్చే లేదు. రచ్చంతా ఒక్క పేజీ మీదే. ఊరి చివర డ్యూయల్ క్యారేజ్‌వే (రెండు వైపులకీ విడివిడిగా దారులున్న పెద్ద రోడ్డు) పక్కన జిప్సీలకీ ట్రావెలర్లకీ, అంటే క్యారవాన్లనే చక్రాల ఇళ్ళల్లో తరతరాలుగా బతికే జనాలకి, ఎనిమిది పిచ్‌ల (క్యారవాన్ పెట్టుకునే చోట్ల) సైట్ అని ఉన్న పేజీ.

మన తెలుగువాళ్ళ గ్రూపులోకి కూడా ఈ సైట్ వద్దని ఒక ఆబ్జెక్షన్ లెటర్ వచ్చిపడింది, కింద పేరు, పోస్ట్‌కోడ్ మార్చుకుని పంపించేయండి, ఆఖరి తేదీ దగ్గరపడింది అని. చాలామంది లోపల ఏముందో చదవకుండానే పంపించేశారు. నేను పంపనంటే "మీకు ఇప్పుడు అర్థం కాదు, ఇల్లు అమ్ముకునేటప్పుడు తెలుస్తుంది" అన్నారు ఒక అన్నయ్య. మంచి మనిషి, మేం ఈ ఊరికి కొత్తగా వచ్చినప్పుడు ఎంతో సాయం చేశారు, ఆయన మీద నాకేం కోపం లేదు. కానీ ఈ విషయంలో ఆయన చెప్పేది తప్పు. ఎందుకు తప్పో వాట్సాప్‌లో నాలుగు లైన్లలో చెప్పడం నా వల్ల కాలేదు, అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

నేను చెప్పదల్చుకున్నది ఇంతే. పార్కుల్లో, రోడ్డు పక్కన, సూపర్ మార్కెట్ కార్ పార్కుల్లో రాత్రికి రాత్రి క్యారవాన్లు దిగుతున్నాయని అందరికీ కంప్లైంట్ ఉంది కదా, అది సైట్లు ఉండటం వల్ల వచ్చిన సమస్య కాదు, సైట్లు లేకపోవడం వల్ల వచ్చింది. ఆ లోటు కాస్త తీర్చబోతుంటే అడ్డం పడుతున్నది మనమే.

అసలు ఎంతమంది వీళ్ళు? 2021 సెన్సస్‌లో ఇంగ్లండ్, వేల్స్ కలిపి జిప్సీ లేదా ఐరిష్ ట్రావెలర్ అని రాయించుకున్నవాళ్ళు 71,440 మంది. వెయ్యిలో ఒకరు. ఆ గడి సెన్సస్ ఫారంలోకి ఎక్కిందే 2011లో, అంతకుముందు వాళ్ళ లెక్కే విడిగా లేదు. వీళ్ళంతా ఒకటే అనుకుంటాం గానీ కాదు. రోమానీ జిప్సీల పూర్వీకులు సుమారు వెయ్యేళ్ళ కిందట ఉత్తర భారతం వైపు నుంచి బయల్దేరి, తరాల తరబడి నడుచుకుంటూ యూరప్ అంతా దాటి 1500 ప్రాంతంలో బ్రిటన్ చేరారు. ఐరిష్ ట్రావెలర్లు ఐర్లండ్‌లో ఎప్పట్నుంచో తిరుగుతూ బతికిన వేరే జనం. రోమానీ జిప్సీలది చట్టం దృష్టిలో ప్రత్యేక జాతి అని కోర్ట్ ఆఫ్ అపీల్ 1988లో తేల్చింది, అది కూడా తూర్పు లండన్‌లో ఒక పబ్బు బయట ట్రావెలర్లకి ప్రవేశం లేదని బోర్డు పెడితే దాని మీద నడిచిన కేసులో. ఐరిష్ ట్రావెలర్ల విషయం తేలడానికి 2000 దాకా పట్టింది. అంటే మన రంగు చూసి, మన పాస్‌పోర్ట్ చూసి ఇల్లు అద్దెకివ్వకపోతే మనకి ఏ చట్టం అండగా ఉంటుందో వాళ్ళకీ అదే చట్టం. లెటర్ పంపేముందు ఈ ఒక్క సంగతి గుర్తున్నా చాలు.

పిచ్ అంటే ఏంటో కూడా చాలామందికి తెలీదు, ఖాళీ పొలంలో అడ్డదిడ్డంగా బళ్ళు నిలిపేస్తారని ఊహించుకుంటున్నారు. కౌన్సిల్ సైట్‌లో పిచ్ అంటే ఒక కుటుంబానికి కొలిచి ఇచ్చిన కాంక్రీటు గచ్చు, దాని మీద ఒక పెద్ద స్టాటిక్ క్యారవాన్, ఊళ్ళు తిరిగేటప్పుడు లాక్కెళ్ళే ట్రైలర్ ఇంకోటి, రెండు బళ్ళకి చోటు, పక్కన ఇటుకలతో కట్టిన చిన్న గది. ఆ గదిలో బాత్రూమ్, టాయిలెట్, వంటకీ బట్టలుతకడానికీ ఏర్పాటు ఉంటాయి. ఒక క్యారవాన్‌కీ పక్కదానికీ మధ్య ఆరు మీటర్ల ఎడం ఉండాలి, ఒకటి అంటుకుంటే ఇంకోటి అంటుకోకుండా. కౌన్సిల్‌కి అద్దె కట్టాలి, కౌన్సిల్ ట్యాక్స్ కట్టాలి, కరెంటుకి మీటరుంటుంది. "వాళ్ళు ఒక్క పైసా కట్టరు" అని గ్రూపులో ఎవరో రాస్తే దానికి ఇరవై లైకులు వచ్చాయి, చాలా బాధేసింది చూసి.

మా పాప క్లాసులో ఒక అమ్మాయి పక్క ఊళ్ళోని పాత కౌన్సిల్ సైట్‌లో ఉంటుంది. బర్త్‌డేకి పిలిస్తే వెళ్ళాం. ట్రైలర్ లోపల అద్దంలా ఉంది, కిటికీ పక్కన అల్మారాలో క్రౌన్ డర్బీ పింగాణీ పళ్ళేలు వరసగా, ఒక్కదాని మీద దుమ్ము లేదు. ఎంగిలి గిన్నెలు కడిగే బేసిన్ వేరు, చేతులు కడుక్కునేది వేరు, బట్టలది వేరు, ఒకదాన్లోది ఇంకోదాన్లో కలవనివ్వరు. ట్రైలర్‌లో టాయిలెట్ బిగించి వచ్చినా వాళ్ళు దాన్ని వాడరట, తిండి తినే చోట, పడుకునే చోట అదేంటి అని. మా అమ్మమ్మగారింట్లో దొడ్డి చివర బాత్రూమ్ ఉండేది, ఇంట్లో కట్టిస్తామంటే ఆవిడ చనిపోయేదాకా ఒప్పుకోలేదు, నాకు ఠక్కున ఆవిడే గుర్తొచ్చింది. పిచ్ పక్కన విడిగా గది కట్టేది ఎందుకో అక్కడ చూస్తేగానీ నాకు తెలియలేదు.

ఆ అమ్మాయి వాళ్ళ అమ్మ టీ ఇస్తూ చెప్పిందాన్లో ఒక మాట నన్ను వదలట్లేదు. పెద్దబ్బాయికి పెళ్ళి కుదిరింది, వాళ్ళలో పెళ్ళిళ్ళు చిన్న వయసులోనే అవుతాయి, కొత్త జంటకి ట్రైలర్ కొనడానికి డబ్బులున్నాయి కానీ పెట్టుకోవడానికి చోటు లేదు. తమ పిచ్‌లోనే ఇంకోటి పెడితే ఆరు మీటర్ల ఎడం పోతుంది, సైట్ రూల్స్ ఒప్పుకోవు. వెయిటింగ్ లిస్టులో పేరుంది, పక్క సైట్‌లో ఎవరైనా ఖాళీ చేస్తేనే పిలుపొస్తుంది, ఎవరూ ఖాళీ చెయ్యరు. కాబట్టి పిల్లవాడు పెళ్ళి చేసుకుంటే రోడ్డు మీదకి పోవాలి, లేకపోతే కౌన్సిల్ ఫ్లాట్‌లో మూడో అంతస్తులో తనవాళ్ళెవరూ లేనిచోట ఉండాలి.

మా ప్లాన్‌లో అడిగిన ఎనిమిది పిచ్‌లు ఈ పిల్లల కోసం. సైట్ కడితే దేశం నలుమూలల నుంచీ జనం వచ్చి దిగుతారని లెటర్‌లో రాశారు, అది నిజం కాదు. కౌన్సిల్ వాళ్ళు జిప్సీ, ట్రావెలర్ల అవసరాల మీద సర్వే చేయిస్తారు, వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు, ఇలాంటి సర్వేలు ఏ కౌన్సిల్‌వి తీసి చూసినా అవసరంలో పెద్ద భాగం ఇప్పటికే ఆ ఊళ్ళో ఉన్న కుటుంబాల్లో ఎదిగొస్తున్న పిల్లలదే ఉంటుంది. ఇక్కడే పుట్టి ఇక్కడి స్కూళ్ళల్లో చదివిన పిల్లలు. మనలో చాలామందికంటే ఈ ఊరు వాళ్ళకే ముందునుంచీ తెలుసు.

ఇక ఈ కొరత ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడాలి, ఎందుకంటే ఇది ఆకాశం నుంచి ఊడిపడింది కాదు, చట్టం మీద చట్టం పెట్టి తయారుచేసింది. ఒకప్పుడు జిప్సీలు కెంట్‌లో హాప్స్ (బీరు తయారీలో వేసే పూలు) కోతలకీ, ఈవ్‌షమ్ వైపు పళ్ళతోటల్లో కోతలకీ సీజన్ ప్రకారం తిరిగేవాళ్ళు, రైతులే పొలంలో చోటిచ్చేవాళ్ళు, మిగతా రోజుల్లో ఊరుమ్మడి బీళ్ళల్లో ఆగేవాళ్ళు. కోతలకి మిషన్లొచ్చాక రైతులకి వాళ్ళతో పని తగ్గింది. 1960లో వచ్చిన చట్టంతో క్యారవాన్ సైట్‌కి లైసెన్స్ తప్పనిసరైంది, ఉమ్మడి బీళ్ళల్లో క్యారవాన్లు ఆగకుండా మూసేసే అధికారం కౌన్సిళ్ళకి దొరికింది. అలా శతాబ్దాలుగా ఆగిన చోట్లు కొన్నేళ్ళల్లోనే పోయాయి. 1962లో కెంట్‌లో డార్ట్‌ఫర్డ్ దగ్గర డారెంత్ అడవిలోంచి ఖాళీ చేయించిన కుటుంబాలు చంటిపిల్లల్తో సహా ఏ2 హైవే పక్కన గడ్డిలో చలికాలం గడిపాయి.

అది చూసి కదిలినవాళ్ళూ ఉన్నారు. ఎరిక్ లబక్ అనే లిబరల్ ఎంపీ 1968లో క్యారవాన్ సైట్స్ యాక్ట్ తెచ్చాడు. తమ ప్రాంతంలో ఉన్న జిప్సీలకి, వచ్చిపోయే జిప్సీలకి సరిపడా సైట్లు కట్టడం కౌంటీ కౌన్సిళ్ళకీ లండన్ బరోలకీ బాధ్యత అని మొదటిసారి చట్టంలో రాశారు. 1970 నుంచి అమల్లోకొచ్చింది. మనస్ఫూర్తిగా కట్టిన కౌన్సిళ్ళు తక్కువే, కోర్టుకి లాగితే కట్టినవి ఉన్నాయి, అయినా పాతికేళ్ళల్లో మూడొందలకి పైగా సైట్లు వచ్చాయి. ఇవాళ ఇంగ్లండ్‌లో ఉన్న కౌన్సిల్ సైట్లలో ఎక్కువ అప్పటివే.

ఎక్కడ కట్టారనేది వేరే కథ. ఇంకెవరూ ఉండని చోట కట్టారు. చెత్త డంపుల పక్కన, మురుగునీటి ప్లాంట్ల వెనక, రైలు పట్టాలకీ మోటర్‌వేకీ మధ్య మిగిలిన ముక్కల్లో. పశ్చిమ లండన్‌లో వెస్ట్‌వే ఫ్లైఓవర్ ఉంది కదా, ఏ40 మీద సిటీలోకి వెళ్ళే ప్రతివాళ్ళూ దాని మీదుగా పోయుంటారు, అక్కడి రౌండబౌట్ కిందే 1970ల నుంచీ ట్రావెలర్ల సైట్ ఉంది, మన కార్ల పొగంతా దిగేది వాళ్ళ పిల్లలు ఆడుకునే చోటే. చోటు చెడ్డదైతే రోగాలొస్తాయి, ఆ జనాల ఆయుష్షు మిగతావాళ్ళకంటే పదేళ్ళకి తక్కువ కాకుండా కురచ అని ఆరోగ్యం మీద పనిచేసేవాళ్ళు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు.

1994లో ఆ బాధ్యతని కూడా ఎత్తేశారు. క్రిమినల్ జస్టిస్ అండ్ పబ్లిక్ ఆర్డర్ యాక్ట్‌తో కౌన్సిళ్ళు సైట్లు కట్టాల్సిన పని లేదన్నారు, అదే చట్టంతో ఖాళీ చేయించే అధికారాలు పెంచారు. మరి వీళ్ళెక్కడికి పోవాలి అంటే సొంతంగా భూమి కొనుక్కుని పర్మిషన్ తెచ్చుకోమని ప్రభుత్వం సర్క్యులర్ ఇచ్చింది. కొనుక్కున్నారు. ఇళ్ళు కట్టుకోవడానికి పనికొచ్చే స్థలం ధర వాళ్ళకి అందదు, బిల్డర్లతో పోటీపడలేరు, అందుబాటులో ఉన్నది ఊరి బయట పొలమో పాత స్క్రాప్ యార్డో. అది గ్రీన్ బెల్ట్‌లో (ఊళ్ళ చుట్టూ కట్టడాలు రాకుండా కాపాడే భూమి) పడుతుంది, గ్రీన్ బెల్ట్‌లో ట్రావెలర్ సైట్ తగని డెవలప్‌మెంట్ అని పాలసీ చెప్తుంది, అప్లికేషన్ తిరగ్గొడతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డేల్ ఫార్మ్ పేరు వినే ఉంటారు. ఎసెక్స్‌లో బాజిల్డన్ దగ్గర క్రేస్ హిల్ అనే పల్లెలో పాత స్క్రాప్ యార్డ్, గ్రీన్ బెల్ట్‌లో ఉంది. ఐరిష్ ట్రావెలర్ కుటుంబాలు అక్కడ భూమి కొనుక్కున్నాయి, అందులో ఒక సగానికి పర్మిషన్ ఉంది, రెండో సగానికి లేదు. పదేళ్ళు కోర్టుల చుట్టూ తిరిగాక 2011 అక్టోబర్ 19న హెల్మెట్లు, షీల్డులతో పోలీసులొచ్చి 80 దాకా కుటుంబాల్ని ఖాళీ చేయించారు. కౌన్సిల్‌కీ పోలీసులకీ కలిపి 70 లక్షల పౌండ్ల వరకూ అయింది. ఇంత చేస్తే వాళ్ళు ఎక్కడికి పోయారు? చాలామంది ఎక్కడికీ పోలేదు, పోవడానికి చోటుంటేగా, పక్కనున్న పర్మిషన్ సగంలో ఇరుక్కున్నారు, సందు రోడ్డు మీద ట్రైలర్లు వరసగా నిలుపుకుని ఏళ్ళ తరబడి ఉన్నారు, నీళ్ళు లేవు, టాయిలెట్లు లేవు. అంత డబ్బుతో ఎన్ని పిచ్‌లు కట్టొచ్చో ఆలోచించండి, అది మన కౌన్సిల్ ట్యాక్స్ లాంటి డబ్బే.

2004లో మళ్ళీ కాస్త వెనక్కి తగ్గి, కౌన్సిళ్ళు కనీసం వీళ్ళ అవసరం ఎంతో లెక్కగట్టాలని హౌసింగ్ యాక్ట్‌లో పెట్టారు. లెక్కగట్టాలి, అంతే, కట్టితీరాలని కాదు. కట్టితీరాలన్న బాధ్యత ఇంగ్లండ్‌లో ఇప్పటికీ లేదు. వచ్చే ఐదేళ్ళకి సరిపడా పిచ్‌లకి స్థలం చూపించాలని 2012 నాటి ట్రావెలర్ సైట్ల పాలసీ చెప్తుంది, చూపించని కౌన్సిళ్ళు బోలెడు. 2015లో ఇంకో మెలిక పెట్టారు, పూర్తిగా తిరగడం మానేసినవాళ్ళు ప్లానింగ్ లెక్కలో ట్రావెలర్లే కాదన్నారు. ముసలితనం వల్ల మానేసినా, జబ్బు వల్ల మానేసినా, పిల్లల చదువు పాడవకూడదని ఒకచోట ఆగినా లెక్కలోంచి పోయినట్టే. పిల్లల్ని సరిగ్గా బడికి పంపరని ఒకపక్క తిట్టి, బడికి పంపడం కోసం ఆగితే నువ్వు ట్రావెలర్‌వి కావు పొమ్మనడం ఎంత అన్యాయమో చూడండి. ఆ నిర్వచనం పుణ్యమా అని చాలా కౌన్సిళ్ళ కాగితాల్లో అవసరం ఒక్కసారిగా పడిపోయింది, మనుషులు మాత్రం అక్కడే ఉన్నారు. 2022 అక్టోబర్‌లో కోర్ట్ ఆఫ్ అపీల్ ఇది వివక్షేనని తీర్పిచ్చింది, 2023 డిసెంబర్‌లో పాలసీ మార్చారు. మధ్యలో పోయిన ఎనిమిదేళ్ళు ఎవరిస్తారు?

ఇక రోడ్డు పక్కన ఆగడం సంగతి. 2022 జూన్ 28 నుంచి, పర్మిషన్ లేకుండా ఒకరి స్థలంలో బండి పెట్టుకుని ఉండి, నష్టమో ఇబ్బందో కలుగుతోందని పొమ్మంటే పోకపోవడం ఇంగ్లండ్, వేల్స్‌లో నేరం. మూడు నెలల దాకా జైలు, 2,500 పౌండ్ల దాకా ఫైన్, బండిని స్వాధీనం చేసుకోవచ్చు. ఆ బండి వాళ్ళ ఇల్లు. ఒక చోటు నుంచి పొమ్మన్నాక మళ్ళీ రాకూడని గడువుని కూడా మూడు నెలల నుంచి పన్నెండు నెలలు చేశారు, అది మానవహక్కులకి విరుద్ధమని 2024 మేలో హైకోర్టు చెప్పింది. ఇంకోపక్క 1996 హౌసింగ్ యాక్ట్ ఏమంటుందంటే, క్యారవాన్ ఉన్నా దాన్ని పెట్టుకుని ఉండటానికి చట్టప్రకారం చోటు లేని కుటుంబం హోమ్‌లెస్ కిందే లెక్క. ఒక చట్టం నిరాశ్రయులంటుంది, ఇంకో చట్టం అదే మనుషుల్ని నేరస్థులంటుంది, రెండూ నడుస్తున్నాయి.

ఇదంతా చదివాక లెటర్‌లో ఉన్న మాటలు మళ్ళీ చూడండి. ఇళ్ళ ధరలు పడిపోతాయని మొదటి పాయింట్. ధర పడుతుందా లేదా అన్నది పక్కనపెడితే, ఇంటి విలువ ప్లానింగ్‌లో లెక్కలోకి తీసుకునే అంశమే కాదు, కౌన్సిల్ ఆఫీసర్ చదివి పక్కన పెట్టేస్తాడు. క్రైమ్ పెరుగుతుందని రెండోది, దానికి ఆధారం చూపించాలి, ఒక జాతి పేరు రాసి క్రైమ్ అంటే ఆధారం అవ్వదు. అలాంటి వాక్యాలున్న లెటర్లని కౌన్సిళ్ళు జాత్యహంకారం కింద తీసి పబ్లిష్ చెయ్యకుండా వదిలేస్తాయి, కింద మన పేర్లుంటాయి, ఇది మీకు తెలిసే సంతకం పెట్టారా అని అడుగుతున్నా. మన గురించి ఇంకెక్కడో ఇంకెవరో ఇలాగే "వీళ్ళొస్తే మా ఏరియా పాడవుతుంది" అని రాసుంటారు, అది మనకి కొత్తేం కాదు. స్కూల్లో సీట్లు చాలవని మూడోది. ఎనిమిది కుటుంబాల పిల్లలకి చాలని సీట్లు వేల ఇళ్ళకి ఎలా చాలతాయని లెటర్ రాసినవాళ్ళని ఎవరూ అడగలేదు.

పచ్చిగా స్వార్థం చూసుకున్నా ఈ లెటర్ మనకే నష్టం, ఇది అన్నయ్యకి ప్రత్యేకంగా చెప్తున్నా. ఐదేళ్ళకి సరిపడా స్థలాలు చూపించలేని కౌన్సిల్ అప్పీళ్ళలో ఓడిపోతుంది. ఎవరో ఎక్కడో పొలం కొనుక్కుని పర్మిషన్ అడుగుతారు, కౌన్సిల్ కాదంటుంది, అప్పీల్ వినే ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ దగ్గరికెళ్తే ఈ కౌన్సిల్ వీళ్ళకి వేరే చోటేమీ చూపించలేదు కాబట్టి ఇచ్చేస్తున్నా అంటాడు. 2024 డిసెంబర్‌లో మారిన పాలసీతో ఆ అవకాశం ఇంకా పెరిగింది. ప్లాన్‌లో ఉన్న సైట్ అయితే డ్రైనేజీ, దారి, చెట్లు అన్నీ ముందే ఆలోచించి కడతారు. అలాగే వచ్చిపోయేవాళ్ళ కోసం ట్రాన్సిట్ పిచ్‌లున్న ఊళ్ళో, పార్కులో ఎవరైనా ఆగితే ఫలానా చోట పిచ్ ఖాళీగా ఉంది అక్కడికెళ్ళండి అని పోలీసులు పంపించగలరు. పిచ్‌లే లేని ఊళ్ళో ఎక్కడికి పంపుతారు, పక్క పార్కుకే.

ఇంకోలా చెయ్యొచ్చని చేసి చూపించిన ఊళ్ళున్నాయి. లీడ్స్‌లో కౌన్సిల్, లీడ్స్ గేట్ అనే ట్రావెలర్ల సంస్థ కలిసి మాట్లాడుకుని ఆగే పద్ధతి పెట్టుకున్నారు. ఎవరికీ ఇబ్బంది లేని ఒక చోటు చూసి, ఇన్నాళ్ళు ఉంటామని ఒప్పుకుని, కౌన్సిల్ టాయిలెట్లు, చెత్త డబ్బాలు పెడుతుంది, కుటుంబాలు చెత్త వెయ్యమని, శబ్దం చెయ్యమని మాటిస్తాయి. తరిమి, కోర్టుకెళ్ళి, శుభ్రం చేయించుకోవడానికి అయ్యే ఖర్చు బాగా తగ్గిందని కౌన్సిలే చెప్పింది. వేల్స్ అయితే 2014 హౌసింగ్ చట్టంతో లెక్కగట్టిన అవసరాన్ని తీర్చితీరాలని కౌన్సిళ్ళ మీద బాధ్యత పెట్టింది. ఇంగ్లండ్‌లో కూడా అదే రావాలని నా గట్టి అభిప్రాయం, అది వచ్చేదాకా ప్రతి సైట్‌కీ ఇలా ఊరూరా కొట్లాడుకోవాల్సిందే.

మనవాళ్ళు ఇంకోటి కూడా తెలుసుకోవాలి. తిరిగేవాళ్ళంటే అనుమానం అనే ఈ బుద్ధి మన దగ్గరికి బ్రిటిష్‌వాళ్ళతోపాటు చట్టంగా వచ్చింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్ట్ తెచ్చి కులాలకి కులాల్నే పుట్టుకతో నేరస్థులన్నారు, 1911లో దాన్ని మద్రాస్ ప్రెసిడెన్సీకి కూడా వర్తింపజేశారు. ఉప్పూ ధాన్యం గాడిదల మీద వేసుకుని ఊళ్ళు తిరిగి అమ్ముకునే ఎరుకలవాళ్ళకి రైళ్ళొచ్చాక ఆ వ్యాపారం పోయింది, చట్టం వచ్చాక కదిలే హక్కూ పోయింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం అలా పుట్టిందే, అక్కడ సెటిల్‌మెంట్‌లో పెట్టి, హాజరు వేయించుకుని, బయటికి పోవాలంటే పాస్ ఉండాలన్నారు. 1952లో ఆ చట్టం దేశమంతటా పోయింది, ఊరి పేరు మీద పడ్డ మచ్చ మాత్రం ఎన్ని తరాలైనా పోలేదు, అక్కడి పిల్లలు కాలేజీల్లో ఊరి పేరు చెప్పుకోవడానికి భయపడ్డ సంగతి మన ఆంధ్రావాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఇవాళ్టికీ మన టౌన్ల చివర పట్టా లేక, అడ్రస్ లేక గుడారాల్లో ఉండే కుటుంబాలున్నాయి. ఆ చరిత్ర తెలిసిన మనం ఇక్కడికొచ్చి ఇంకో జనాన్ని పుట్టుకతో దొంగలని లెటర్ మీద సంతకం పెట్టడం నాకు మింగుడుపడట్లేదు.

నాకూ ఈ సైట్ మీద అభ్యంతరాలున్నాయి, అవి రాసి పంపాను. డ్యూయల్ క్యారేజ్‌వే శబ్దం రాత్రంతా ఉంటుంది, క్యారవాన్ గోడ పలచన, ఇల్లు కట్టడానికి పనికిరాదన్న శబ్దం క్యారవాన్‌కి ఎలా పనికొస్తుందో కౌన్సిల్ చెప్పాలి. అక్కణ్ణుంచి స్కూలుకి ఫుట్‌పాత్ లేదు, పిల్లలు ఎలా నడుస్తారు. ఎనిమిదీ ఒకేచోట ఊరికి దూరంగా ఎందుకు, మా వెనక పొలంలో వచ్చే కొత్త ఇళ్ళ మధ్యే ఒక మూడు నాలుగు పెట్టొచ్చు కదా, అక్కడ రోడ్డు, నీళ్ళు, కరెంటు, స్కూలు అన్నీ ఎలాగూ వస్తున్నాయి. ఇది నా ఊహ కాదు, గిల్డ్‌ఫర్డ్ కౌన్సిల్ 2019 ప్లాన్‌లో 500 ఇళ్ళకి తక్కువ కాని డెవలప్‌మెంట్లలో, అవసరం ఉన్నంతకాలం కొన్ని పిచ్‌లు కూడా కేటాయించాలని పెట్టుకుంది. పిచ్‌లు తగ్గించమని నేను రాయలేదు, మంచి చోట పెట్టమని రాశాను, ట్రాన్సిట్ పిచ్‌లు ఒక్కటి కూడా ఎందుకు లేవని అడిగాను.

కన్సల్టేషన్‌లో (డ్రాఫ్ట్ మీద జనం అభిప్రాయాలు తీసుకునేది) రాయడానికి సిటిజన్‌షిప్ అక్కర్లేదు, వీసా మీదున్నవాళ్ళూ రాయొచ్చు. ఇంకోటి, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళు కూడా కామన్వెల్త్ పౌరులుగా ఇక్కడ కౌన్సిల్ ఎలక్షన్లలో ఓటెయ్యొచ్చు, మన గ్రూపులో సగంమంది రిజిస్టరే చేసుకోలేదు. ఈ సైట్‌ని ఆపేస్తామని చెప్పి ఓట్లడిగే కౌన్సిలర్ మే నెలలో మన గుమ్మం ముందుకి కూడా వస్తాడు, మరి వీళ్ళెక్కడుండాలి, వేరే ఏ చోటు చూశారు అని అడగండి, ఫలానా చోటని పేరు పెట్టి చెప్పేదాకా వదలకండి. లెటర్ ఇప్పటికే పంపేసినవాళ్ళు దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని ఒక మెయిల్ పెడితే సరిపోతుంది, ప్లానింగ్ పాలసీ టీమ్ మెయిల్ అడ్రస్ డ్రాఫ్ట్ మొదటి పేజీలోనే ఉంది. సొంతంగా రాద్దామనుకుంటే ట్రావెలర్ సైట్ల పాలసీ నంబర్ పైన వేసి, సపోర్ట్ అన్న గడి టిక్ పెట్టి, ఫుట్‌పాత్ గురించో శబ్దం గురించో మీకు తెలిసింది రాయండి. నేను పంపింది కావాలంటే కామెంట్‌లో అడగండి, పెడతాను, కానీ దాన్ని కాపీ కొట్టకుండా మీ మాటల్లో రాయండి.